రాజవ్వ పెద్దమ్మ గోడను నేను చదివిన వైనం

నాకు యూనివర్సిటీలో సీటు వచ్చిందన్న వార్తను మొట్టమొదట మోసుకొచ్చింది మా పక్కింటి రాజవ్వ పెద్దమ్మ. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో సగం ఒలిచిన వెల్లుల్లి, మూతికి ఉండాల్సిన మాస్కు గదవ కింద. సూరత్ లింబాయత్‌లో మా గల్లీ ఎంత ఇరుకంటే ఎదురింటి కూరలో ఉప్పు తక్కువైతే మా ఇంట్లో తెలుస్తుంది. అలాంటి గల్లీలో ఆమె కేక వినబడని చెవి లేదు.

"భారతీ! ఓ భారతీ! నీకు పాత గోడల నౌకరీ దొరికిందట!"

"నౌకరీ కాదు పెద్దమ్మా, సదువు."

"గోడలకు సదువేందే?"

"గోడలు సదువుకోవు పెద్దమ్మా. గోడలను మేం సదువుతం."

"గట్లనా! అయితే జర నా గోడ గూడ సూడు, ఏమన్న రాసి ఉన్నదేమో!" అని పకపకా నవ్వింది.

ఈ మాటను కొంచెం గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. ఆ రోజు అమ్మ సంతోషం పట్టలేక పెద్దమ్మ నోట్లో చక్కెర పోసింది. నేనూ ఓ చిటికెడు పోశాను. ఏడాది తిరక్కముందే అదే చేత్తో ఆ మహాతల్లి గోడకు బొక్క పెట్టి, లేని దేవతను కనిపెట్టి, చదువుకున్న వాళ్ల ముందు కుటుంబం పరువును మగ్గం మీద చీరలా పరిచేశాను. ఎలా అంటారా? చెబుతాను. నవ్వడానికి సిద్ధంగా ఉండండి. నేనైతే ఇప్పటికీ సగమే నవ్వగలను.

ముందు నా సంగతి. నేను బడి మొహం చూసిన మనిషిని కాదు. చిన్నప్పుడు ఉబ్బసం. మగ్గాల నూలు ధూళి పడక నెలలో సగం రోజులు మంచం మీదే ఉండేదాన్ని. అందుకని అమ్మే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించింది. దేవుడి పుస్తకాలే నా వాచకాలు. పెద్దయ్యాక ఇంట్లోంచే పరీక్షలు రాసి డిగ్రీ దాకా వచ్చాను. ఆ తల్లికి నేను రోజుకొక దండం పెట్టినా తక్కువే. మంచం మీద పడుకుని గోడలు చూస్తూ పెరిగిన పిల్ల గోడల చదువు కాక ఇంకేం చదువుతుంది?

ఇంకొక్క విషయం. నా ఎడమ చేతి చిటికెన వేలు పుట్టుకతోనే కొడవలిలా లోపలికి వంగి ఉంటుంది. తెగిన పోగులు అతకడానికి ఆ వేలు అడ్డం. మా బాపు దాన్ని ముద్దుగా "కొక్కెం" అంటాడు. దీన్ని కూడా గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు, అదే నా కొంప ముంచింది.

ఆ యూనివర్సిటీ తెలంగాణలో, కోటలూ మెట్లబావులూ రాతి మండపాలూ పొలాల మధ్యే పడి ఉన్న ఒక పల్లెసీమలో ఉంది. ఊరి పేరు చెప్పను. అక్కడి వాళ్లు ఇప్పటికే నన్ను చూసి కావలసినంత నవ్వుకున్నారు. పాత కట్టడాలను కాపాడే చదువు అది. ఆ గుట్టల కింద కూర్చుని చదువుకుంటానని పెట్టె సర్దుకున్నానా, కరోనా పుణ్యమా అని క్లాసులన్నీ ఫోన్లోకి వచ్చిపడ్డాయి. ఎనిమిది వందల ఏళ్ల మెట్లబావి గురించి పాఠం, నేను వినేదేమో మా మెట్ల మీద, నీళ్ల డ్రమ్ము పక్కన. సిగ్నల్ అక్కడే వచ్చేది.

మగ్గాలు బందయ్యాయి. ఖట్ ఖట్ చప్పుడులోనే పుట్టి పెరిగిన గల్లీ ఆ నిశ్శబ్దానికి బెంగపడిపోయింది. పని లేని బాపు నా వెనక మెట్టు మీద కూర్చుని నాతో పాటు పాఠాలు వినేవాడు.

"గా మేడమ్‌ను జర గట్టిగ మాట్లాడుమను బిడ్డా. బావి కత మంచిగున్నది."

మా మేడమ్ నెమ్మదైన మనిషి. మొదటి క్లాసులోనే చెప్పారు: ఆంక్షలు సడలగానే అక్కడ ఒక మెట్లబావిని బాగుచేసే శిబిరం ఉంటుంది, కొద్దిమందినే పిలుస్తారు, అది ప్రాజెక్టు మీద జరిగే పరీక్షను బట్టి. అమ్మా బాపూ పుట్టిన నేల అటువైపే. సూరత్ పొలిమేర దాటని నాకు ఆ శిబిరం మీద ఆశ పుట్టింది. ఆశ అంటే మామూలు ఆశా! దేవుడి ముందు కూర్చుంటే నామస్మరణకు బదులు "మెట్లబావి, మెట్లబావి" అని వచ్చేసేది.

ప్రాజెక్టు ఏమిటంటే, దగ్గర్లోని పాత గోడ ఒకటి ఎంచుకుని, అరచేయంత మేర రంగు పూతలను పొర తర్వాత పొర తీసి, ఏ పొర ఏ కాలపుదో చెప్పాలి. ఉల్లిపాయ ఒలిచినట్టన్నమాట. దీనికి మేడమ్ ఒక నియమం కూడా చెప్పారు: "గోడను ముట్టే ముందు దానితో బతికిన మనుషుల్ని అడగండి. వాళ్లు ఒప్పుకుంటేనే ముట్టండి." ఈ నియమం నాకు తప్ప క్లాసులో అందరికీ తెలుసు. ఎందుకంటే ఆ మాట ఆవిడ దీపాల వేళకు చెప్పారు. దీపం పెట్టేటప్పుడు ఫోను బోర్లించడం నా అలవాటు. తప్పు దీపానిది కాదు, దేవుడిది అంతకన్నా కాదు. మర్నాడు ఎవరినైనా అడిగి తెలుసుకుందామన్న బుద్ధి పుట్టని నాది.

మొదట మా గోడ మీదే ప్రయత్నించాను. అమ్మ గరిటెతో వచ్చింది.

"ఏం జేస్తున్నవే?"

"చరిత్ర చూస్తున్న అమ్మా."

"చరిత్ర తర్వాత చూద్దువు గని, సున్నం రాలి పప్పుల పడుతున్నది. జరుగు!"

సరిగ్గా ఆ రోజుల్లోనే రాజవ్వ పెద్దమ్మ సూరత్ పక్కనే కిమ్ అనే ఊళ్లో ఉన్న కొడుకు ఇంటికి బయల్దేరింది. రెండు రోజుల్లో వస్తానని వెళ్లి, కొడుకు ఉన్న చోట కేసులు వచ్చాయని వీధి మూసేయడంతో అక్కడే ఇరుక్కుపోయింది. వెళ్తూ తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"బిడ్డా, చాబీ నీకే ఇస్తున్న. ఈ గల్లీల నియమం తప్పకుంట దీపం పెట్టేటిదానివి నువ్వే. మా పోచమ్మ పటం ముంగట రోజు దీపం పెట్టు. ఇంకేం ముట్టకు."

మొదటి సగం అక్షరాలా పాటించాను. రెండో సగం దగ్గరే తేడా వచ్చింది.

దీపం వెలుగులో ఆ గోడ నన్ను పిలిచింది. నిజం! పటం పక్కన నీలం రంగు పొక్కు లేచి ఉంది. వేలితో తాకితే రాలింది. కింద గులాబీ రంగు. అప్పటికైనా లెంపలు వేసుకుని బయటికి రావాలా వద్దా? దారాలు కత్తిరించే చిన్న కత్తెర తెచ్చుకున్నాను. గులాబీ కింద ఆకుపచ్చ. ఆకుపచ్చ కింద తెల్లసున్నం. అరచేయంత మేర అన్నారు కదా, నా గీకుడు ఇస్తరాకంత అయింది. "నువ్వే చూడమన్నావు కదా పెద్దమ్మా" అని నాకు నేనే ఒప్పుకోలు ఇచ్చుకున్నాను. ఇలా ఒప్పుకోలు ఇచ్చుకోవడంలో దొంగలకూ నాకూ పెద్ద తేడా లేదు.

సున్నం కింద ఎర్రటి జాజు పట్టీ తేలింది. దాని కింద పసుపు పట్టీ. వాటి మధ్య బొట్లు. నా గుండె అప్పటికి బంద్ అయి ఉన్న మగ్గాలన్నిటి బదులు తానొక్కటే ఖట్ ఖట్ మంది. ఇంకాస్త గీకాను. పసుపు పట్టీ కింద ఒక చెయ్యి! తమలపాకు ముక్కంత చెయ్యి, జాజు రంగులో అద్దినది. దాని చిటికెన వేలు కొడవలిలా లోపలికి వంగి ఉంది.

అదిగో, మీరు ఇప్పటికే నవ్వుతున్నారు. మీకు తట్టింది. నాకు తట్టలేదు. ఎవరి వీపు వాళ్లకు కనబడదంటారు, నాకు ఎవరి వేలు వాళ్లకు కనబడదని కూడా తెలిసింది.

అమ్మకూ బాపుకూ ఏమీ చెప్పలేదు. పరీక్ష రోజున చూపించి ఆశ్చర్యపరుద్దామని తలుపుకు తాళం వేశాను. క్లాసులో మాత్రం ఫోటో చూపించి, గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

"ఇది బాలదేవత హస్తం మేడమ్. అంటురోగాలను ఆపే తల్లి గుడి ఇక్కడ ఉండేది. ఆ వంగిన వేలు చూడండి. అది ఊరికే వంగలేదు, అదొక ముద్ర. రోగాన్ని కొక్కెంతో లాగి పారేసినట్టు."

"ఏ కాలం అంటావు?" అన్నారు మేడమ్.

"కొన్ని శతాబ్దాలు ఉంటుందండి."

"భారతీ, ఫోటోలో నాకు సిమెంటు ఇటుక కనిపిస్తోందమ్మా."

"పాత గోడ భాగాన్ని కొత్త గోడలో కలిపి కట్టి ఉంటారండి."

"రంగుతో సహానా?"

"మేడమ్, మీ మాట తెగిపోతోంది..."

సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. దేవుడు నన్ను క్షమించాలి.

"ఒక్కటి చెప్పు. అక్కడి మనుషుల్ని అడిగావా?"

"అక్కడి మనుషులెవరూ ఇప్పుడు లేరండి," అన్నాను గంభీరంగా. ఏదో అంతరించిన జాతి గురించి చెప్పినట్టు. ఆ అంతరించిన జాతి ఆ సమయంలో కిమ్‌లో కొడుకు ఇంట్లో మామిడికాయ తొక్కు పెడుతోంది.

అక్కడి నుంచే మర్నాడు ఫోను చేసింది.

"దీపం పెడుతున్నవా బిడ్డా?"

"పెడుతున్న పెద్దమ్మా."

"గోడ ఎట్లున్నది?"

నాకు ఉన్నపళంగా పాత ఉబ్బసం తిరిగొచ్చినట్టయింది. "గోడా? గోడెందుకు పెద్దమ్మా?"

"వానకు చెమ్మెక్కుతది గద, గందుకే అడిగిన."

"మంచిగున్నది. ముందుకంటే ఎక్కువ కనబడుతున్నది."

"ఏంది?"

"ఏం లేదు పెద్దమ్మా, ఆరోగ్యం జాగ్రత్త!"

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడగనిదే రాజవ్వ పెద్దమ్మ అయినా చెప్పదు. ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది. మీకు వినోదం లేకుండా పోయేది, నాకు ఇంత సిగ్గు లేకుండా పోయేది.

పరీక్ష రోజు వచ్చింది. అప్పటికి మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. మధ్యాహ్నం పెద్దమ్మ గదిలో, బియ్యం డబ్బాకు ఆనించి ఫోను నిలబెట్టాను. అవతల మేడమ్, ఆమె పక్కన పరీక్ష పెట్టడానికి బయటి నుంచి వచ్చిన ఒక తెల్లజుట్టు సారు.

"అక్కడ వడగళ్ల వానా అమ్మా?" అన్నారాయన.

"మగ్గాలండీ!" అని అరిచాను.

ఆ చప్పుడు మీద అరుస్తూనే బాలదేవతను నిలబెట్టాను. పట్టీలు, బొట్లు, ముద్ర, రోగాలను లాగే కొక్కెం. ఎడమ చేత్తో గోడను చూపిస్తూ, వంగిన వేలితోనే వంగిన వేలిని చూపిస్తూ! సారు ముందుకు వంగారు. కళ్లజోడు సర్దుకున్నారు. గోడ వైపు చూశారు, నా చేతి వైపు చూశారు, మళ్లీ గోడ వైపు చూశారు. ఏదో అడగబోయారు.

అప్పుడే వెనక తలుపు ధడాలున తెరుచుకుంది. సంచీ చంకన పెట్టుకుని, తొక్కు సీసా చేతబట్టుకుని, కిమ్‌లో వీధి తెరవగానే చెప్పకుండా వచ్చేసిన రాజవ్వ పెద్దమ్మ.

"ఏందే ఇది! నా దివాల్‌కు ఏమైంది? ఎలుకలు కొట్టినయా?"

"పెద్దమ్మా, పరీక్ష, పరీక్ష నడుస్తున్నది..."

"పరీక్ష నీకా, నా గోడకా? దీపం పెట్టమని చాబీ ఇస్తే గోడ ఒలుస్తవా! ఓ చెల్లే, ఇటు రా! నీ బిడ్డ జేసిన పని సూడు!"

మా అమ్మ పరుగున వచ్చింది. ఆమె వెనక బాపు. ఫోన్లో మేడమ్ "భారతీ, ఎవరమ్మా వాళ్లు?" అంటున్నారు. మెట్లబావి నా కళ్ల ముందే పూడిపోతోంది.

"మేడమ్... అక్కడి మనుషులండీ," అన్నాను.

పెద్దమ్మ తిట్టడానికి ఇంకోసారి నోరు తెరిచి, గోడ దగ్గరికి వెళ్లి ఆగిపోయింది. తొక్కు సీసా నేల మీద పెట్టింది. కొంగుతో ఆ చెయ్యి మీద దుమ్ము తుడిచింది.

"అవ్వో," అంది నెమ్మదిగా. "ఇది పోయిందనుకున్న. ఇంటి సేఠ్ సున్నమేయించిన నాడు ఎంత మొత్తుకున్ననో. గిట్ల లోపలనే ఉన్నదా!"

తర్వాత నా ఎడమ చెయ్యి పట్టి గుంజింది. వేళ్లు విప్పి, గోడ మీది ఆ చిన్న చెయ్యి పక్కన ఆనించింది. పెద్ద కొడవలి పక్కన పిల్ల కొడవలి.

"సూడు. ఇది నీదే బిడ్డా."

మగ్గాలు ఆగలేదు. నేను ఆగిపోయాను.

ఫోను వైపు తిరిగి, సారుకే చెబుతున్నట్టు చెప్పింది పెద్దమ్మ. "ప్లేగు వచ్చిన ఏడు సారూ. సూరత్ సూరతంత స్టేషన్ల ఉన్నది. రైల్ల కాలు పెట్ట సందు లేదు. ఈమె తల్లి పచ్చి బాలెంత, యాడికి పోతది? గల్లీ ఖాళీ అయింది. నేనన్న, చెల్లే, నువ్వు ఈ ఖోలీలనే నా పక్కన పండు, నేను పోను అన్న. పోచమ్మ గుడికి పోదామంటే బయట అడుగు పెట్టనియ్యరు. గందుకే తల్లిని ఈడనే గోడ మీద గీసిన. పసుపు, జాజు, బొట్లు. ఈ పిల్ల చెయ్యి అద్ది, తల్లీ, ఇదిగో ఈమె గుర్తు, సక్కగ సూసుకో, ఈమె జోలికి రాకు అని మొక్కిన. అప్పట్ల ఆధార్ కార్డు లేకుండె గద. నేనే ఏలిముద్ర తీసిన."

"పిడికిలి తెరవదే ముండ," అని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది అమ్మ. "అక్క ఒక్కొక్క ఏలు ఊడదీసింది. గప్పుడే వంకరపోయిందేమో!"

"నేను వంకర జేసిన్నా? పుట్టుడే వంకర పుట్టింది నీ బిడ్డ!"

"పుట్టినప్పుడు సక్కగనే ఉండె అక్కా!"

"యాడుండె! సీకట్ల సూసినవా?"

నా శిబిరం, నా చదువు, నా బాలదేవత గాలికి పోగా, వాళ్లిద్దరూ యూనివర్సిటీ వారి సమక్షంలో నా వేలి మీద తగువుకు దిగారు. బాపు మధ్యలో "కొక్కెం మా వంశపుది కాదు" అని ఫోనుకు స్పష్టం చేశాడు.

సారు చాలాసేపు చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గారు. అది దగ్గు కాదని నాకు తెలుసు. చివరికి గొంతు సవరించుకున్నారు.

"అమ్మా భారతీ, ఈ చారిత్రక సంపద వయసెంత?"

"ఇరవై ఆరండి."

"స్థితి?"

"కొంచెం పగుళ్లు వచ్చాయండి," అన్నాను.

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లున్నారు. గోడను తవ్వి తనను తాను పట్టుకున్నదాన్ని నేనే. చంకలో పిల్ల, ఊరంతా వెతుకులాట అంటారు, ఇక్కడ ఆ పిల్ల కూడా నేనే.

మేడమ్ మాత్రం నవ్వలేదు. "అడగకుండా గోడ ముట్టడం పెద్ద తప్పు భారతీ. శిబిరానికి నిన్ను ఎలా పిలవను?" అన్నారు.

నేను తల వంచుకున్నాను. ఆ మాటలో అన్యాయం ఏమీ లేదు. అప్పుడు రాజవ్వ పెద్దమ్మ ఫోనును రెండు చేతులతో పట్టుకుని మొహం దాకా తెచ్చుకుంది. అవతలి వాళ్లకు ఒక ముక్కు, ఒక ముక్కుపుడక తప్ప ఇంకేమీ కనిపించి ఉండవు.

"మేడమ్, గోడ ఎవ్వలది? నాది. దెబ్బ ఎవ్వలకు తగిలింది? నాకు. నేనే మాఫ్ చేసిన. మీదేం పోయింది? తప్పు జేసింది, నిజమే. గని గీ పొల్ల గీకకపోతే నేను సచ్చేదాక ఈ చెయ్యి మల్ల సూడకపోదును. నేను ఈ పిల్లను పోచమ్మకు చూపించి కాపాడుకున్న. ఇగ మీకు చూపిస్తున్న. జర సూసుకోండ్రి."

మేడమ్ నోటుపుస్తకం తెరిచారు. తర్వాత ఆవిడ అడిగింది నన్ను కాదు. "అవ్వా, ఆ పట్టీలు ముందు పసుపు వేశారా, జాజు వేశారా?" అని పెద్దమ్మను అడిగారు. వాళ్లిద్దరి మాటలు పరీక్ష సమయం దాటిపోయి సాగాయి. పెద్దమ్మ ముందు పసుపు అంది, కాదు జాజు అంది, చివరికి "పండుగ నాడు రా, చేసి చూపిస్త" అంది. నన్ను ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేను తొక్కు సీసా పట్టుకుని నిలబడ్డాను.

బాలదేవతను కొట్టేసి, పెద్దమ్మ మాటలతో మొదలుపెట్టి మళ్లీ మొత్తం రాయమన్నారు. రాశాను. పిలుపు వచ్చింది. ఆ మెట్లబావి దగ్గరికి వెళ్లిన మొదటి రోజు మిగతా వాళ్లందరికీ కుంచెలూ బ్రష్షులూ ఇచ్చి, నాకు మాత్రం ఒక చాప ఇచ్చారు మేడమ్. "నువ్వు వెళ్లి ఊళ్లో ఆడవాళ్ల దగ్గర కూర్చో. అడగడం అయ్యాకే నీకు బ్రష్షు," అన్నారు. అక్కడి పిల్లలు నాకు పెట్టిన పేరు "నడిచే శాసనం". అంత మంచి చాప మీద, అంతమంది మంచి తల్లుల మధ్య కూర్చోబెట్టిన దేవుడికి నేను ఫిర్యాదు ఏం చేస్తాను?

అందుచేత, ఈ కథ చదివిన మీ అందరి సాక్షిగా, మా పోచమ్మ పటం సాక్షిగా, నా వంకర వేలు పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ గోడ జోలికైనా వెళ్లే ముందు దాని పక్కన ముసలమ్మ ఎవరైనా ఉందేమో చూస్తాను. ఉంటే కూర్చుని చాయ్ తాగుతాను. ఊళ్లో లేకపోతే కిమ్ దాకా వెళ్లి అడిగి వస్తాను. దేవతను కనిపెట్టే ముందు నా చేతులు రెండూ ఒకసారి చూసుకుంటాను.

పెద్దమ్మ ఆ గోడకు మళ్లీ రంగు వేయనివ్వలేదు. సేఠ్ పనివాళ్లు వస్తే తలుపుకు అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. కానీ ఈ మధ్య ఆమెకు రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. ఆ చెయ్యిని చూపుతో కాక తడిమి చూసుకుంటోంది. వచ్చే వారం ఆపరేషన్. డాక్టరు పొర తీస్తాడు, అదీ ముందుగా ఆమెను అడిగి, ఒప్పుకుంటేనే. కట్టు విప్పగానే మొదట గోడ దగ్గరికే తీసుకుపొమ్మంది. ఈ వారం మీ ఇంట్లో దీపం పెట్టే వేళ, ఏ దేవుడి ముందైనా సరే, లింబాయత్ రాజవ్వ పెద్దమ్మను ఒక్కసారి తలుచుకోండి.